డిస్కు ఆపరేషన్: కోత సైజు తర్వాత, ముందు మీ కాలి సంగతి చూడండి

కిందటి సంచికలో సయాటికా (నడుం నుంచి కాలిలోకి దిగే నరం నొప్పి) గురించి నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు కుప్పగా వచ్చాయి. వాటిలో చాలావరకు ఒడిశా వైపు ఉన్న మనవాళ్ల నుంచే: గుణుపూర్, పర్లాకిమిడి, రాయగడ, బరంపురం, జయపురం. "ఇప్పుడు డిస్కు ఆపరేషన్ చిన్న రంధ్రంతో అయిపోతుందట కదా, చేయించేసుకోమంటారా" అన్న మాట దాదాపు అందరూ రాశారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 38 ఏళ్లు. మాది కిరాణా కొట్టు, బియ్యం బస్తాలు నేనే దించుకుంటాను. నెలన్నర కిందట బస్తా ఎత్తుతుంటే నడుంలో కలుక్కుమంది. నాలుగు రోజులకి నడుం సర్దుకుంది గానీ కుడి పిర్ర నుంచి తొడ పక్కగా, పిక్క మీదుగా బొటనవేలి దాకా ఒకటే లాగుడు. దగ్గినా తుమ్మినా జివ్వుమంటుంది. విశాఖ వెళ్లి ఎంఆర్ఐ తీయిస్తే ఎల్4-ఎల్5 (నడుంలో నాలుగో, అయిదో పూసల మధ్య) దగ్గర డిస్కు బయటికొచ్చి నరాన్ని నొక్కుతోందని రాశారు. ఎండోస్కోపీతో తీసేస్తాం, మర్నాడే ఇంటికి పోవచ్చు అన్నారు. మా నాన్న మాత్రం వెన్నులో కత్తి పెడితే కాళ్లు పడిపోతాయని గొడవ చేస్తున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, గుణుపూర్

జవాబు: ముందు ఒక పని చేయండి బాబూ. చెప్పులు విప్పి గోడ పక్కన నిలబడి మడమల మీద పది అడుగులు నడవండి, తర్వాత మునివేళ్ల మీద పది అడుగులు. కుడి పాదం ముందుభాగం పైకి లేవకుండా నేలకి టప్‌మని కొట్టుకుంటోందా? కుడి బొటనవేలిని పైకి ఎత్తి ఉంచితే ఇంట్లోవాళ్లు ఒక్క వేలితో కిందికి నొక్కేయగలుగుతున్నారా? ఎల్4-ఎల్5 దగ్గర నొక్కుకునేది ఎక్కువగా ఎల్5 నరం, పాదాన్నీ బొటనవేలినీ పైకెత్తేది అదే. బలం తగ్గి ఉంటే, అందులోనూ రోజురోజుకీ తగ్గుతుంటే, ఈ జవాబు మిగతాది చదవకుండా ఆ విశాఖ డాక్టరుకే ఫోన్ చేసి ఈ వారంలోనే వెళ్లండి. బలం బాగానే ఉంటే మీ చేతిలో టైమ్ ఉంది, నిదానంగా ఆలోచించుకోవచ్చు.

లోపల ఏం జరిగిందో చెప్తాను. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు తాటి ముంజె లాంటిది. బయట గట్టి పొర, లోపల మెత్తటి గుజ్జు. పొర చిట్లిన చోట గుజ్జు వెనక్కి పొడుచుకొచ్చి పక్కనే ఉన్న నరాన్ని తాకుతుంది. ఒత్తిడి ఒక్కటే కాదు, ఆ గుజ్జులో ఉండే పదార్థాలకి నరం వాచి ఎర్రబడుతుంది, ఆ మంటే మీ కాలి లాగుడు. అయితే బయటికొచ్చిన ఆ ముక్కని ఒళ్లు ఊరికే వదిలిపెట్టదు. రక్తంలోని కణాలు వచ్చి దాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. పొర దాటి పూర్తిగా బయటపడ్డ పెద్ద ముక్కలే, పొర లోపల ఉబ్బి ఆగిపోయిన చిన్నవాటి కంటే ఎక్కువగా కరుగుతాయి. స్కాన్‌లో "చాలా పెద్దది" అని చూసి హడలిపోయేవాళ్లకి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో కాలి నొప్పి బాగా తగ్గుతుంది, కత్తి లేకుండానే.

మరి ఆపరేషన్ వల్ల లాభం లేదా అంటే ఉంది, ఎక్కడుందో తెలుసుకోవాలి. నెదర్లాండ్స్‌లో సయాటికాతో విపరీతంగా బాధపడుతున్న 283 మంది మీద చేసిన పరిశోధన 2007లో వచ్చింది. వాళ్లంతా మీలాగే ఆరు నుంచి పన్నెండు వారాలుగా నొప్పితో ఉన్నవాళ్లు. సగం మందికి త్వరగా ఆపరేషన్, మిగతా సగానికి మందులు, ఓపిక, మరీ భరించలేకపోతే అప్పుడు ఆపరేషన్. చేయించుకున్నవాళ్లకి నొప్పి చాలా త్వరగా పోయింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఆగినవాళ్లలో నూటికి 39 మందికి చివరికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, మిగతావాళ్లు అసలు టేబుల్ ఎక్కలేదు. అంటే కాలిలో బలం ఉన్నంతవరకు మీరు ఆపరేషన్‌తో కొనుక్కునేది ముఖ్యంగా కొన్ని నెలల సుఖం. అది చిన్న విషయమని నేను అనను. కొట్టు మూసుకుని, రాత్రి నిద్ర లేక, పిల్లల మీద విసుక్కుంటూ గడిపే మూడు నెలలు ఎంత బరువో మీకే తెలుసు. ఆ లెక్క వేయాల్సింది మీరు.

నన్నడిగితే ఇంకో మూడు నాలుగు వారాలు చూడమంటాను, నొప్పి కొంచెమైనా దిగుముఖం పట్టి ఉంటే. పడుకుని ఉండిపోకండి, ఒకటి రెండు రోజులకి మించి మంచం పట్టడం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. పొద్దున సాయంత్రం ఓపికున్నంత నడవండి, బస్తాల జోలికి మాత్రం పోవద్దు. నొప్పి మాత్రలు కడుపుకి, కిడ్నీకి భారం, బీపీ గానీ సుగర్ గానీ ఉంటే డాక్టరుకి చెప్పకుండా మెడికల్ షాపులో కొని వారాల తరబడి మింగకండి. "నరాల మాత్ర" అని చాలామందికి రాసే ప్రీగాబలిన్ సయాటికాకి ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదని ఆస్ట్రేలియాలో జరిపిన పరీక్షలో 2017లో తేలింది, తల తిరగడం మాత్రం ఎక్కువైంది. అలాగని ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా మానేయకండి, డాక్టరుని అడిగి తగ్గించుకోవాలి. నరం పక్కన స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి కొన్ని వారాలు ఊరటనిస్తుంది, ఈలోగా ముక్క కరిగితే ఆపరేషన్ తప్పుతుంది. ఇవన్నీ అయ్యాక కూడా నొప్పి ఎక్కడిదక్కడే ఉంటే అప్పుడు ఆపరేషన్ చేయించుకోండి, సంకోచం అక్కర్లేదు. మరీ ఆలస్యం చేసి ఏడాది లాగడం కూడా మంచిది కాదు.

ఇక నాన్నగారి భయం. ఆయన్ని కసురుకోకండి, పాతకాలంలో వెన్ను ఆపరేషన్ అంటే అలాంటి కథలే వినేవారు. ఆయనకి ఇది చెప్పండి: అసలు వెన్నుపాము నడుం పైభాగంలోనే, ఎల్1-ఎల్2 దగ్గర ముగిసిపోతుంది. మీ డిస్కు ఉన్న ఎల్4-ఎల్5 దగ్గర వెన్నుపాము లేదు, నీళ్ల సంచిలో వదులుగా వేలాడే నరాల పోగులు ఉంటాయి. కాబట్టి ఈ ఆపరేషన్‌తో రెండు కాళ్లూ పడిపోవడం బహు అరుదు. రిస్కే లేదని కాదు. నరం పొర చిరగడం, ఇన్ఫెక్షన్, ఒక నరానికి దెబ్బ, డిస్కు మళ్లీ బయటికి రావడం, ఇవి ఉన్నాయి. సంతకం పెట్టే ముందు వీటిని మీ డాక్టరు నోటితో చెప్పించుకోండి.

ప్రశ్న: మేం పట్టు నేస్తాం, రోజంతా గుంటమగ్గంలో కాళ్లు దించుకుని కూర్చునే పని. ఎడమ కాలి నొప్పి అయిదు నెలల నుంచి ఉంది, ఇంజెక్షన్ కూడా అయింది. ఆపరేషన్ తప్పదని తేలింది. ఒక చోట మైక్రోస్కోపు అన్నారు, ఒక చోట గొట్టం పెట్టి చేస్తామన్నారు, భువనేశ్వర్‌లో ఎండోస్కోపీ అన్నారు, ఎవరో లేజర్ అయితే కోతే ఉండదన్నారు. ఎవరిని నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఏది మంచిది?
— ఒక నేత కార్మికుడు, బరంపురం

జవాబు: మీరు ఆగాల్సినంత ఆగారు, ఆపరేషన్ నిర్ణయం సరైనదే. ఇక పద్ధతుల సంగతి.

డిస్కు ముక్క వల్లే కాలికి నొప్పి దిగుతుందని, దాన్ని తీస్తే తగ్గుతుందని గట్టిగా నిరూపించినవాళ్లు బోస్టన్‌లోని మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు, 1934లో. అప్పట్లో వీపు మీద పెద్ద కోత కోసి, కండరాలు పక్కకి లాగి, ఎముక బాగా తీసేసి గానీ డిస్కు దాకా పోలేకపోయేవారు. 1977లో ఈ ఆపరేషన్‌లోకి మైక్రోస్కోపు వచ్చింది, కోత మూడు సెంటీమీటర్లకి అటూ ఇటూగా తగ్గింది. దాన్నే మైక్రోడిసెక్టమీ అంటారు, ఈరోజుకీ మిగతా పద్ధతులన్నిటినీ దీనితోనే పోల్చి చూస్తారు. 1997లో గొట్టం పద్ధతి వచ్చింది. కండరాన్ని ఎముక మీంచి ఒలిచేయకుండా, సన్నటి గొట్టం మీద కొంచెం లావు గొట్టం, దాని మీద ఇంకొంచెం లావుది దింపుతూ కండరపు పోగుల్ని పక్కకి జరుపుతారు. చివరికి రెండు సెంటీమీటర్ల లోపు దారి ఏర్పడుతుంది, పని అంతా అందులోంచే.

ఎండోస్కోపీలో దారి ఇంకా సన్నం, కోత ఎనిమిది మిల్లీమీటర్లకి అటూ ఇటూ. కెమెరా, నీళ్ల ధార, పట్టుకారు అన్నీ ఒకే కడ్డీలోంచి పోతాయి. నడుం పక్క నుంచి, నరం బయటికొచ్చే కిటికీ గుండా వెళ్తే చాలాసార్లు పూర్తి మత్తు కూడా అక్కర్లేదు, తోలు మొద్దుబారే ఇంజెక్షన్, కాస్త మగత, అంతే. రోగి మెలకువగానే ఉంటాడు కాబట్టి పరికరం నరానికి తగిలితే "కాల్లోకి కొట్టింది" అని అక్కడే చెప్తాడు, డాక్టరు ఆగిపోతాడు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్లకి ఇది నిజంగా వరం. ఎల్5-ఎస్1 (నడుం చివరి పూసకీ దాని కింది ఎముకకీ మధ్య) దగ్గర అయితే తుంటి ఎముక అడ్డొస్తుంది, అప్పుడు చాలామంది వెనక నుంచే వెళ్తారు.

లేజర్ మాట మర్చిపోండి. అది డిస్కు లోపలి గుజ్జుని కాస్త కాల్చి కుదించే పని. పొర దాటి బయటపడ్డ ముక్కని అది అందుకోలేదు. మేలు చేస్తుందని చూపించే రుజువు కూడా బలంగా లేదు. అయిదు నెలలు నరం నొక్కుకున్న మీలాంటివారు డబ్బు అక్కడ పెట్టొద్దు.

మిగిలిన మూడింట్లో ఏది? మళ్లీ నెదర్లాండ్స్‌లోనే 328 మందిని గొట్టం, మామూలు మైక్రోడిసెక్టమీ అని రెండుగా పంచి చూశారు, ఫలితం 2009లో వచ్చింది. గొట్టం పద్ధతి గెలుస్తుందని చాలామంది అనుకున్నారు. గెలవలేదు. ఏడాది తర్వాత పనులు చేసుకోవడంలో తేడా లేదు, కాలి నొప్పి తగ్గడంలో పాత పద్ధతే పిసరంత పైన ఉంది. ఎండోస్కోపీలో మొదటి రోజుల్లో నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా వెళ్తారు, కుట్టు చిన్నది. ఏడాది గడిస్తే అక్కడా పెద్ద తేడా కనిపించదు. అయితే దాన్ని నేర్చుకోవడం చాలా కష్టం. చేయి తిరగని డాక్టరు చేతిలో ముక్క లోపల మిగిలిపోయి మళ్లీ టేబుల్ ఎక్కాల్సి వచ్చే ప్రమాదం ఉంది.

అందుకే పరికరం పేరు కన్నా పట్టుకున్న చేతిని చూసుకోమంటాను. "మీరు నెలకి ఇలాంటివి ఎన్ని చేస్తారు? నా స్కాన్‌లో ముక్క ఎటు జారింది, ఈ దారిలో అందుతుందా? అందకపోతే అప్పటికప్పుడు కోత పెంచి తీస్తారా?" అని నేరుగా అడగండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నలకి చిన్నబుచ్చుకోడు, స్కాన్ ఫిల్మ్ లైటు పెట్టి మీకు చూపిస్తాడు. మీ ఊళ్లో పదేళ్లుగా మైక్రోస్కోపుతో చేస్తున్న ఆయన ఉండి, దూరంలో నిన్నగాక మొన్న ఎండోస్కోపు కొన్న ఆయన ఉంటే నేనైతే మీ ఊరి ఆయన దగ్గరికే వెళ్లమంటాను.

మగ్గం విషయం వేరే చెప్పాలి. వంగి కూర్చోవడంలో డిస్కు మీద పడే ఒత్తిడి నిలబడినప్పటి కన్నా ఎక్కువ. ఆపరేషన్ అయిన ఆరు వారాల దాకా గుంటలోకి దిగొద్దు. ఆ తర్వాత కూడా అరగంటకోసారి లేచి పది అడుగులు వేసి రండి, కూర్చునే పలక కాస్త ఎత్తు చేయించుకుని వెనక ఆనుకోవడానికి ఏదైనా ఏర్పాటు చేసుకోండి. ఈ ఆపరేషన్ పోగొట్టేది కాలి నొప్పిని, నడుం నొప్పి కొంత ఉండిపోవచ్చు. అది ముందే తెలిసుంటే తర్వాత "ఆపరేషన్ ఫెయిలైంది" అని బెంగపడరు.

ప్రశ్న: ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తన్నించుకుంటే డిస్కు లోపలికి పోతుందని మా అత్తగారు అంటున్నారు. మా వీధిలో అలాంటి అబ్బాయి ఉన్నాడు కూడా. తన్నించుకోనా?
— ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: వద్దమ్మా. మామూలు కండరాల పట్టు ఎలాగూ నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది, ఆ ఘనత ఆ అబ్బాయి కాలికి పోతుంది. నొప్పి కాలిలోకి దిగినవాళ్లకి మాత్రం ఇది ప్రమాదం. పొర ఇప్పటికే చిట్లి ఉన్నప్పుడు వీపు మీద దెబ్బ పడితే ముక్క ఇంకా బయటికి తోసుకు రావచ్చు. నడుం మీద ఎక్కి తొక్కించుకోవడం, మెడా నడుమూ టప్‌మనేలా తిప్పించుకోవడం కూడా అంతే. నూనె రాసి మెల్లగా మర్దనా, వేడి కాపడం చేయించుకోండి, అత్తగారి మాట కాదనకుండా కూడా ఉంటుంది.

ప్రశ్న: మా అక్కకి 52 ఏళ్లు. రెండేళ్లుగా నడుం నొప్పి, కాళ్లలోకి ఏమీ లేదు. స్కాన్‌లో మూడు చోట్ల డిస్కు ఉబ్బిందని వచ్చింది. మూడూ చిన్న కోతతో ఒకేసారి సరిచేస్తామని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చెప్పారు. డబ్బు సర్దే పనిలో ఉన్నాం.
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: డబ్బు సర్దడం ఆపండి. కాలి నొప్పి లేదు, తిమ్మిరి లేదు, బలం తగ్గలేదు. మరి ఏ నరాన్ని విడిపించడానికి ఈ ఆపరేషన్? నడుం నొప్పి అన్నదే లేనివాళ్ల స్కాన్లు 3,110 మందివి పోగేసి చూసిన ఒక పరిశీలన 2015లో వచ్చింది. ఏ బాధా లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే నూటికి 30 మందికి డిస్కు ఉబ్బు ఉంది. యాభై ఏళ్లకి 60, ఎనభైకి 84. మీ అక్క వయసుకి ఆ మాట రిపోర్టులో రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. మనిషిని పడుకోబెట్టి కాలు ఎత్తి చూడకుండా, సుత్తితో మోకాలు తట్టకుండా, కాగితం ఒక్కటే చదివి ఆపరేషన్ అనేవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి. ఇంకో డాక్టరుకి చూపించండి.

అయితే ఒకటి చూసుకోండి. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే అది డిస్కు సంగతి కాకపోవచ్చు. మన దేశంలో వెన్నుకి టీబీ పట్టడం అరుదేమీ కాదు, మందులతో నయమవుతుంది, వదిలేస్తే పూస కూలిపోతుంది. రొమ్ము క్యాన్సర్ లాంటిది ఇదివరకు వచ్చినవాళ్లయినా సరే డాక్టరుకి ముందే చెప్పాలి. ఇవేవీ లేకపోతే ఫిజియోథెరపీ, రోజూ నడక, పొట్టా నడుమూ గట్టిపడే వ్యాయామాలు. విసుగ్గానే ఉంటుంది, మూడు నెలలు వదలకుండా చేస్తే ఫలితం కనిపిస్తుంది.

ప్రశ్న: మా అమ్మకి 46 ఏళ్లు. నాట్లు వేసి వచ్చిన రాత్రి నుంచి రెండు కాళ్లలోకీ నొప్పి దిగింది. మర్నాటి నుంచి మూత్రం సరిగ్గా రాలేదు, కూర్చునే చోట మొద్దుబారినట్టుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. దగ్గర్లోని డాక్టరు గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. నాలుగో రోజుకి పొట్ట ఉబ్బిపోతే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాం, అదే రాత్రి డిస్కు ఆపరేషన్ చేశారు. కాళ్ల నొప్పి పోయింది, నడుస్తోంది. కానీ నెల దాటినా మూత్రం గొట్టం లేకుండా రావట్లేదు. ఇది తిరిగి వస్తుందా?
— ఒక కూతురు, గుణుపూర్ దగ్గరి పల్లె

జవాబు: తల్లీ, మీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది. మీ అమ్మకి వచ్చినదాన్ని కాడా ఈక్వినా సిండ్రోమ్ అంటారు. పెద్ద ముక్క మధ్యలోకి వచ్చి, వెన్ను అడుగున ఉండే నరాల గుత్తి మొత్తాన్నీ నలిపేస్తుంది. మూత్రం, మలం, మర్మస్థానం స్పర్శ అన్నీ ఆ గుత్తిలోని నరాలవే. డిస్కు జబ్బులో గంటలు లెక్కపెట్టాల్సిన పరిస్థితి ఇదొక్కటే. అన్ని గంటలు గడిచిపోయాక చేసినా ఆపరేషన్ సరైన పనే, లేకపోతే కాళ్లు కూడా పోయే ప్రమాదం ఉండేది.

తిరిగి వస్తుందా అంటే, చాలామందికి కొంతవరకు వస్తుంది, కొందరికి పూర్తిగా. మూత్రాశయం నరాలు అన్నిటికన్నా నెమ్మదిగా కోలుకుంటాయి, నెలలు పడుతుంది, ఏడాది రెండేళ్ల దాకా మెరుగుదల సాగుతుంది. నెలకే ఆశ వదులుకోవద్దు. ఈలోగా కిడ్నీలు కాపాడుకోవడం అసలు పని. గొట్టం ఎప్పుడూ లోపలే ఉంచేయకుండా, రోజుకి నాలుగైదు సార్లు తనే శుభ్రంగా పెట్టుకుని తీసేసే పద్ధతి నేర్పమని యూరాలజీ డాక్టరుని అడగండి. అద్దం పెట్టుకుని రెండు మూడు రోజుల్లో నేర్చుకుంటారు ఆడవాళ్లు. చలిజ్వరం వచ్చినా, మూత్రం చిక్కగా వాసనగా ఉన్నా వెంటనే చూపించండి. మొద్దుబారిన చోట వేడినీళ్ల బాటిల్ పెట్టనివ్వకండి, కాలినా తెలియదు. గట్టి నేల మీద గంటల తరబడి కూర్చోనివ్వకండి, పుండ్లు పడతాయి. అమ్మని ఎందుకు చెప్పలేదని ఇంకెవరూ అనకుండా చూడండి, ఆమెకి అది చెప్పుకునే వీలు మనం కల్పించలేదు.

మిగతా పాఠకులందరికీ ఇది: నడుం నొప్పితో ఉన్న మనిషికి మూత్రం రావడం కష్టమైనా, వచ్చినట్టు తెలియకపోయినా, మలం ఆపుకోలేకపోయినా, కడుక్కునేటప్పుడు చేయి తగిలిన స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ బలం తగ్గుతున్నా, తెల్లారే దాకా కూడా ఆగొద్దు. ఎంఆర్ఐ, వెన్ను సర్జన్ ఉన్న చోటికి ఆ రాత్రే బయల్దేరండి. మన వైపు ఒకటే తిప్పలు, దగ్గరి ఆస్పత్రి అని రెండు మూడు చోట్ల ఆగి పోయేసరికి సగం రోజు గడిచిపోతుంది. బరంపురం ఎంకేసీజీ పెద్దాస్పత్రి దగ్గరా, విశాఖ కేజీహెచ్ పెద్దాస్పత్రి దగ్గరా అన్నది మీ ఊరి దారిని బట్టి చూసుకోండి, దారిలో ఉండగానే ఫోన్ చేసి "మూత్రం ఆగిపోయింది, డిస్కు అనుమానం" అని ఈ మాటలతోనే చెప్పండి. ఇంట్లో అమ్మల్నీ అత్తల్నీ నడుం నొప్పి అన్నప్పుడు "మూత్రం బాగా వస్తోందా" అని మీరే అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ప్రశ్న: మాకు ఒడిశా ఆరోగ్య కార్డు ఉంది. ఆపరేషన్ విశాఖలో చేయించుకోవాలని ఉంది, మా పిన్ని వాళ్లు అక్కడే ఉంటారు. కార్డు పనిచేస్తుందా? పిన్ని వాళ్ల ఆంధ్రా కార్డు మీద చేయించవచ్చా?
— ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, రాష్ట్ర పథకమైన గోపబంధు జన ఆరోగ్య యోజనని దానితో కలిపారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకి ఇంకో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలో కూడా, ఆ పథకంలో చేరిన ఆస్పత్రి అయితే చెల్లుతుంది. కానీ ఫలానా ఆస్పత్రిలో, ఫలానా ఆపరేషన్‌కి చెల్లుతుందా అన్నది వెళ్లకముందే తేల్చుకోండి. 14555కి ఫోన్ చేయండి, ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో కనుక్కోండి. డిస్కు తీయడం ప్యాకేజీలో ఉన్నా "ఎండోస్కోపీ పరికరాలకి వేరే కట్టాలి" అనేవాళ్లు ఉంటారు, ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. అనుమతి వచ్చాకే చేరాలి, చేరి డబ్బు కట్టేశాక తిరిగి రావడం కష్టం.

పిన్ని గారి కార్డు సంగతి ఆలోచన కూడా చేయొద్దు. ఎన్టీఆర్ వైద్య సేవ ఆంధ్రప్రదేశ్ కుటుంబాలకి, వేలిముద్ర దగ్గరే ఆగిపోతుంది, వాళ్ల కార్డుకీ ముప్పు. ఆధార్‌లో, కార్డులో పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఒడియాలో ఒకలా, ఇంగ్లీషులో ఒకలా పడి ఇంటిపేరు ముందూ వెనకా అయిన కార్డులు మనవాళ్ల దగ్గర బోలెడు. బయల్దేరే ముందే సరిచేయించుకోండి. స్కాన్ రిపోర్టు ఒక్కటే కాదు, ఫిల్మ్ గానీ సీడీ గానీ వెంట ఉండాలి, లేకపోతే మళ్లీ స్కాన్ తీయమంటారు.

ప్రశ్న: లారీ నడుపుతాను, సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్ దాకా. విశాఖలో ఎండోస్కోపీతో ఆపరేషన్ అయి పది రోజులైంది. నొప్పి పోయింది, పాదం మీద తిమ్మిరి పోలేదు. ఇంటికి ఎలా రావాలి, మళ్లీ బండి ఎప్పుడు ఎక్కాలి?
— ఒక డ్రైవర్, కోరాపుట్

జవాబు: తిమ్మిరికి బెంగ వద్దు. నొప్పి ముందు పోతుంది, బలం తర్వాత వస్తుంది, తిమ్మిరి అన్నిటికన్నా ఆఖర్న, నెలలు పడుతుంది. కొద్దిగా మిగిలిపోయినా పనికి అడ్డురాదు.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో ముందు సీటు బాగా వెనక్కి వాల్చుకుని కూర్చోండి. విజయనగరంలో ఒకసారి, సాలూరులో ఒకసారి, ఘాట్ ఎక్కాక ఒకసారి దిగి పది నిమిషాలు నడవండి. బస్సు వెనక సీట్లో మాత్రం వద్దు. ఇంటి దగ్గర కుట్టు చోట తడి, ఎరుపు, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయకండి. లేచి కూర్చుంటే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గిపోతుంటే నరాల సంచి చిరిగి నీళ్లు కారుతున్నాయేమో చూడాలి, అదీ డాక్టరుకి చెప్పాల్సిందే. పిక్క ఒక్కటే వాచి నొప్పెడితే రక్తం గడ్డ కట్టిందేమో చూపించుకోవాలి.

కోత చిన్నది, నొప్పి లేదు, ఇక్కడే చాలామంది మోసపోతారు. బయట కుట్టు వారంలో మానుతుంది, లోపల డిస్కు పొరలో ఉన్న చిల్లు అంత త్వరగా పూడదు. ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి అయిదు నుంచి పదిహేను మందికి అదే చోట డిస్కు మళ్లీ బయటికొస్తుంది, మొదటి నెలల్లో జాగ్రత్త ఎక్కువ అవసరం. ఆరు వారాల దాకా అయిదు కిలోలకి మించి ఎత్తొద్దు, నడుం వంచి మెలితిప్పొద్దు, కూర్చోవడం ఒక్కసారికి అరగంట మించనివ్వొద్దు. నడక మాత్రం ఎంతైనా. బీడీ, సిగరెట్ అలవాటుంటే మానేయండి. డిస్కుకి సొంత రక్తనాళాలు దాదాపు లేవు, చుట్టుపక్కల నుంచి ఊరే పోషణతో బతుకుతుంది, పొగ ఆ కాస్త పోషణకీ గండి కొడుతుంది.

ఆరు వారాలకి డాక్టరుకి చూపించండి, బ్రేకు గట్టిగా తొక్కగలిగే బలం కాలికి ఉందో లేదో ఆయన ముందే పరీక్షించుకోండి. అది బాగుంటే రెండు మూడు నెలల మధ్యలో బండి ఎక్కొచ్చు. మొదటి వారాలు ఖాళీ లారీతో, మైదానంలో, చిన్న ట్రిప్పులు వేయండి, ఘాట్ తర్వాత. సీటు స్ప్రింగులు పాడైపోయి ఉంటే ఓనర్‌కి చెప్పి ముందే మార్పించుకోండి. టార్పాలిన్ కట్టడం, లోడు దించడం, టైరు మార్చడం కొన్నాళ్లు క్లీనర్‌కి వదిలేయండి.